బీరువా స్పీకర్లకు క్యారియర్ ఆంప్లిఫయర్

ఉషారాణికి దయ్యమంటే భయం లేదు, అత్తగారంటే అసలే లేదు. ఆమె భయమంతా ఒక్కటే: పడుకున్న పాప లేవడం.

ఎనిమిది నెలల మమత నిద్రపోయిందంటే మదనపల్లెలోని ఆ ఇంట్లో కుక్కర్‌కు కూడా విజిల్ వేసే హక్కు లేదు. అలాంటి ఇంటికి మొగుడు యువరాజ్, పుంగనూరులో మూసేసిన టెంట్ హౌస్ నుంచి బీరువాలంత స్పీకర్లు రెండు మోయించుకొచ్చాడు. వాటికి సరిజోడు ఆంప్లిఫయర్ వెతికితే సంబంధం కుప్పంలో కుదిరింది, మునిచంద్ర అంగట్లో.

మునిచంద్ర ఉషారాణి పుట్టింటి వీధివాడు, పిలిస్తే పలికే అన్న. ఆమె పెరట్లోకి పోయి గుట్టుగా ఫోన్ చేసింది.

"అన్నా, ఉండేదాంట్లో చిన్నది ఇయ్యి. పెద్దది లేదని చెప్పు."

"చిన్నదైతే మీ ఆయప్ప వాల్యూమ్ కొస దాకా తిప్పుతాడమ్మా. శబ్దం పగిలి స్పీకర్లు కాలిపోతాయి. చెడ్డపేరు నాకు."

"తిప్పడులే. నేను సూసుకుంటా గదా."

అడిగింది చెల్లెలాయె. టిఫిన్ క్యారియర్ అంత ఆంప్లిఫయర్ ఇంటికొచ్చింది. మధ్యాహ్నం పాట పెడితే బీరువాలో దోమ ఇరుక్కున్నట్టు వినిపించింది. ఉషారాణి నైటీ మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమే, పాట వస్తాండాదా?"

"బ్రహ్మాండంగా వస్తాండాదప్పా. యాల తిప్పుతావు దాన్ని?"

పాలు పొంగుతున్నాయని ఆమె అటు తిరిగిందో లేదో, ఆయన కొస దాకా తిప్పేశాడు. బాణలిలో గులకరాళ్లు వేయించినట్టు గరగర. పక్కింటి చెంగమ్మ, మీ ఇంట్లో బోరు వేస్తున్నారా అని వచ్చింది. ఉషారాణి ఉయ్యాల దగ్గరకు పరుగెత్తింది. పాప నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది.

టప్. ఆంప్లిఫయర్‌లోంచి కాలిన వాసన. ఇల్లంతా నిశ్శబ్దం.

అప్పుడు లేచింది మమత, కేరుమంటూ.

"ఆ మునిచంద్ర కావాలనే పనికిమాలింది అంటగట్టినాడు. ఈ పొద్దు వాని అంగట్లోనే తేల్చుకుంటా," అని యువరాజ్ ఆంప్లిఫయర్‌ను సంచిలో వేసుకుని కుప్పం బస్సెక్కాడు. నేనే ఇమ్మన్నానని చెప్పాల్సిన ఉషారాణి, పాపను ఎత్తుకుని పెరట్లోకి పోయింది. ఆమె పేరు చెప్పి మునిచంద్ర తప్పించుకోవచ్చు. చెప్పే రకం కాదు. అదే ఆమె తల ఎత్తుకోనివ్వడం లేదు.

పాప ఇప్పుడు జోలపాటకు పడుకోవడం లేదు. ఖాళీ మిక్సీ తిప్పితే కళ్లు మూస్తుంది, ఆపితే తెరుస్తుంది. ఇద్దరు మగవాళ్లూ ఫోన్ ఎత్తడం లేదు.

కుప్పం వైపు పోయేవాళ్లుంటే, దయచేసి మునిచంద్ర అంగట్లోకి ఒకసారి తొంగిచూడండి. మనిషి బాగుండాడా, చొక్కా చిరగలేదు కదా, కనుక్కోండి. తప్పు చెల్లెలిదేనని యువరాజ్ ముందరే చెప్పండి. అందరూ కుదుటపడ్డాక, ఈసారి అంగట్లో అన్నిటికంటే పెద్దది ఇచ్చి పంపమనండి. మిక్సీ వేడెక్కిపోయింది.