తీగ ఊడినా దిగిన విమానం

ఆ ఆదివారం పొద్దున కెప్టెన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి లైవ్‌లోకి రావాలి, విమానాన్ని దించాలి, పోయిన పరువు తెచ్చుకోవాలి. కెప్టెన్ అన్నది ఇంట్లోవాళ్ళు ఆటపట్టిస్తూ పెట్టిన పేరు. అతను విమానం నడిపిన పాపాన పోలేదు. కంప్యూటర్‌లో ఆడుకునే విమానాల ఆటకి కొత్త కొత్త విమానాలు తయారుచేసి అమ్మడం అతని పని.

రెండు నెలల కిందట తన విమానానికి మార్పులు చేసి అతను పంపిన అప్‌డేట్ కొంప ముంచింది. విమానం రన్‌వే మీద దిగీ దిగగానే చక్రాలు లోపలికి ముడుచుకుని, పొట్టమీద జారుకుంటూ పోయేది. కొన్నవాళ్ళు మొత్తుకుంటే, "నా దగ్గర బాగానే దిగుతోంది, మీ కంప్యూటర్లే చూసుకోండి" అని జవాబు రాశాడు. దాంతో కొన్న నాలుగు వందల మందీ భగ్గుమన్నారు. ఆ తరవాత మూడుసార్లు సరిచేశానన్నాడు, మూడుసార్లూ పొట్టమీదే. ఈ లైవ్ కూడా తేలిపోతే ఇక అతని విమానం ఎవరూ ముట్టుకోరు. పదేళ్ళు ప్రాణం పెట్టి చేసిన పని! తలుచుకుంటేనే ఏడుపొచ్చేది.

చిత్రమేమిటంటే, అతను దించితే ఎప్పుడూ చక్కగానే దిగేది. అయినా ధైర్యం చాలక, మహానుభావుడు ఒక తెలివైన పని చేశాడు. ముందురోజే ఒక మంచి ల్యాండింగ్ రికార్డు చేసి పెట్టుకున్నాడు. తెర మీద ఆ వీడియో నడుస్తుంది, ఇతను కెమెరా ముందు విమానం నడిపే జాయ్‌స్టిక్ పట్టుకుని అటూ ఇటూ ఊపుతాడు. కొనుగోలుదారులకు జవాబులు రాసే భార్యకు కూడా ఈ సంగతి చెప్పలేదు.

పదయ్యేసరికి మూడు వందల మంది చేరారు. భార్య పక్క గదిలో వాళ్ళ సందేశాలు చదువుతోంది. విమానం మబ్బులు దాటి కిందికి వస్తుండగా మామగారు గదిలోకి వచ్చారు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. పక్కవాడు బండి నడుపుతుంటే నోరు కట్టుకోవడం ఆయన వల్ల కాదు.

"అల్లుడూ, ఎడమకి పోతోందయ్యా! కుడికి కొట్టు!"

"సరిగ్గానే పోతోంది మామయ్యగారూ, మీరు హాల్లో కూర్చోండి."

"ఏం సరిగ్గా, నా మొహం! గడ్డిలోకి పోతోంది, ఇలా తే!"

లాగిన లాగుడికి జాయ్‌స్టిక్ తీగతో సహా ఊడి ఆయన చేతిలోకి వచ్చేసింది. తెర మీద విమానం మాత్రం ఇదేమీ పట్టనట్టు హాయిగా దిగి ఆగింది.

భార్య పరుగెత్తుకొచ్చింది. "ఏమండీ, తీగ ఊడినా ఎలా దిగిందని అడుగుతున్నారు!"

"ఆటోపైలట్, దానంతటదే దించుతుంది" అన్నాడు కెప్టెన్, అడిగిందే తడవుగా.

"ఇందులో ఆటోపైలట్ లేదని మీరే కదా రాశారు!"

"ఈ పొద్దున్నే పెట్టాను."

"అయితే ఏ బటనో చూపించమంటున్నారు."

చేతికందిన బటన్ ఒకటి నొక్కాడు. వీడియో మొదటికి వచ్చింది. నేల మీద ఆగిన విమానం మళ్ళీ మబ్బుల్లో తేలింది.

"అదేంటయ్యా, మళ్ళీ పైకెప్పుడు పోయింది?" అన్నారు మామగారు, మూడు వందల మంది తరఫునా.

భార్య నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇంకొక్క అబద్ధమాడారంటే రేపట్నుంచి జవాబులు మీరే రాసుకోండి."

కెప్టెన్‌కి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. "అది నిన్నటి వీడియో అండీ" అన్నాడు కెమెరాతో. "భయమేసి పెట్టాను. మీ కంప్యూటర్లని అన్నది కూడా నా తప్పే."

"అయితే ఇప్పుడు నిజంగా దించండి" అని సందేశం వచ్చింది. తీగ తగిలించాడు గానీ ఆట మొదలుపెట్టకుండా తటపటాయించాడు.

"నువ్వు లే" అని మామగారు ఆ కుర్చీలో కూర్చున్నారు. వంకర టింకరగా వచ్చి, ఎలాగోలా రన్‌వే మీద పెట్టి, బల్ల కింద ఉన్న బ్రేకు పెడల్‌ని గట్టిగా తొక్కారు. చక్రాలు టక్కున ముడుచుకున్నాయి. విమానం పొట్టమీద జారుకుంటూ పోయింది.

అంతా అయిపోయిందనుకుని తల పట్టుకున్న కెప్టెన్ ఉలిక్కిపడి తలెత్తాడు. "మామయ్యగారూ, బ్రేకు ఎప్పుడు తొక్కారు?"

"చక్రం నేలకి తగలగానే. లోపల జనం ఉన్నారు కదా, ఆపొద్దూ?"

తను ఎప్పుడూ సగం రన్‌వే తాపీగా పోనిచ్చి గానీ బ్రేకు తొక్కడు. అందుకే తన దగ్గర బాగానే దిగేది! "మేమూ వెంటనే తొక్కుతాం!" అని తెర నిండా సందేశాలు. అందరూ చూస్తుండగానే కెప్టెన్ తప్పు వెతికి పట్టుకుని, అరగంటలో సరిచేశాడు. మామగారు మళ్ళీ దించారు, మళ్ళీ కసిగా తొక్కారు. చక్రాలు కదలలేదు. కెప్టెన్ ఆనందం పట్టలేక మామగారిని వాటేసుకున్నాడు. భార్య కళ్ళు తుడుచుకుంటూ పడీ పడీ నవ్వింది.

సాయంత్రానికల్లా కొనుగోలుదారులు ఒకే మాట మీదికి వచ్చారు. నమ్ముతాం, కానీ ఇకమీదట ప్రతి విమానాన్నీ ముందు మామగారే దించాలి. ఆయన పెద్దమనసుతో ఒప్పుకుని, తన దృష్టికి వచ్చిన లోపం ఒక్కటే చెప్పారు.

ఆ వారం వెళ్ళిన అప్‌డేట్‌లో విమానానికి హారన్ కూడా ఉంది.