ఎత్తిన చెయ్యి, దిగిన వాపు

మనిషి ఒంట్లో రక్తానికున్న పలుకుబడి మరే ద్రవానికీ లేదన్నది జగమెరిగిన సత్యం. అది కాస్త జోరుగా పారితే చాలు, ఇంటిల్లిపాదీ ఉప్పు మానేస్తారు. కాస్త నెమ్మదిస్తే బంధువులందరూ ఫోన్లు చేస్తారు. అదే ఒంట్లో, ఆ రక్తనాళాల పక్కనే, శోషరసమని ఇంకో ద్రవం కూడా పారుతుంటుంది. (పదో తరగతి పరీక్షలో రెండు మార్కులకి వచ్చింది, అందరం వదిలేశాం.) రక్తం దారిపొడుగునా కణాల మధ్య ఒలకబోసిన నీటిని ఎత్తుకొచ్చి, శుభ్రం చేసి, మళ్లీ రక్తానికే అప్పజెప్పడం దాని ఉద్యోగం. ఒలకబోసేవాళ్లకీ తుడిచేవాళ్లకీ మధ్య గౌరవం ఎవరికి దక్కుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే మన పెద్దాసుపత్రిలో గుండెకి ఒక అంతస్తు, రక్తానికి ఇంకో అంతస్తు ఇచ్చి, శోషరసానికి మాత్రం కింద, క్యాంటీన్ వంటగదికీ విరిగిన మంచాల గదికీ మధ్య ఒక కిటికీ ఇచ్చారు. దాని మీద ‘చేయి మరియు కాలు వాపుల నిర్ధారణ, అర్హత, ధ్రువీకరణ విభాగం’ అని బోర్డుంది. (బోర్డు గదికన్నా పొడవు. చివరి రెండక్షరాలు గోడ మలుపు తిరిగాక కనిపిస్తాయి.)

ఆ కిటికీ దగ్గరికి వచ్చింది డ్రైవరమ్మ. సిటీ బస్సు నడిపే మనిషి. ఎంత ఇరుకు సందులోనైనా బస్సుని గోడకి గీత పడకుండా తిప్పుతుందని డిపోలో పేరు. రొమ్ములో గడ్డ తీసేటప్పుడు డాక్టర్లు ఆమె ఎడమ చంకలోని శోషరస గ్రంథుల్ని కూడా తీసేశారు. గడ్డ పోయింది, ఊడిన జుట్టు మళ్లీ వచ్చింది, ఇక రేపో మాపో బస్సెక్కుదాం అనుకుంటుండగా ఎడమ చెయ్యి ఉబ్బడం మొదలెట్టింది. పొద్దున్న బాగానే ఉండేది. మధ్యాహ్నానికి వాచీ బిగుసుకునేది. సాయంత్రానికి ఆ చెయ్యి తనది కాదేమో అన్నంత బరువు.

“ఆ చేత్తో గేరెలా మారుస్తావు తల్లీ? బాగుచేయించుకుని రా, నీ బస్సు నీకే,” అన్నాడు డిపో మేనేజరు. అందాకా ఆమెని ప్రయాణికులు మర్చిపోయిన గొడుగుల గదిలో కూర్చోబెట్టాడు. రోజంతా గొడుగుల్ని చూస్తూ కూర్చుంటే ప్రాణం ఉసూరుమనేది ఆమెకి.

కిటికీకి రాకముందు పైన ఆమెని చూసిన వాపుల డాక్టరు మంచివాడే. తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పాడు.

“చూడమ్మా, ఈ నాళాల గోడల్లో కణాలు ఊరికే ఉండవు. లోపల నీరు నిండి గోడ సాగిందా, వెంటనే పక్క కణాలకి కబురు పెడతాయి, పిండండి అని. అవి పిండుతాయి, లోపలి తలుపులు తెరుచుకుంటాయి, నీరు ముందుకెళ్తుంది. నీకు దారి తెగింది కాబట్టి, కొత్త నాళాలు మొలవమని ఇంకో కబురు కూడా వెళ్తుంటుంది.”

“కండక్టరు బెల్లు కొడితే నేను బండి కదిలించినట్టు,” అంది డ్రైవరమ్మ.

“సరిగ్గా అంతే. కానీ నీరు చాలాకాలం నిలిచిపోయిందనుకో, అక్కడికి వాపు కణాలు వచ్చి చేరతాయి. వాటి కబుర్లు వాటివి. ఆ గోలలో నీ బెల్లు వినపడదు. నాళం నీరసపడుతుంది, చుట్టూ కొవ్వూ నారా పేరుకుని చెయ్యి గట్టిపడుతుంది. గట్టిపడితే మళ్లీ మెత్తబడటం కష్టం. ఇప్పుడే చేతిని బిగించి పట్టే నొక్కుడు తొడుగు వేసుకుంటే అంతదాకా రాదు.”

“ఇప్పించండి మరి.”

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. తొడుగు రాసే అధికారం తనదే గానీ, ఇచ్చే అధికారం కింద కిటికీదన్నాడు.

కిటికీ వెనక కొలతలాయన ఉంటాడు. రెండు చేతులకీ టేపు పెట్టి, తేడా చాలినంత ఉంటే అర్హుడంటాడు, లేకపోతే ఆరోగ్యవంతుడంటాడు. కిటికీ ముందు తోపులాట జరుగుతోందని క్రమశిక్షణ ఉపసంఘం ఒక నిబంధన చేసింది. టోకెన్ని గోడమీది కెమెరా చదువుతుంది కాబట్టి, ప్రతి రోగీ తన వాపు చేతిలో టోకెన్ పట్టుకుని, ఆ చేతిని తలపైకి ఎత్తి, తన వంతు వచ్చేదాకా అలాగే నిలబడాలి. చెయ్యి దించితే రోగి ఇంటికి వెళ్లిపోయినట్టు కెమెరా భావిస్తుంది. (కాలు వాపు వాళ్ల సంగతి ఉపసంఘం పరిశీలనలో ఉంది.)

శోషరసానికి ఉపసంఘాలతో పరిచయం లేదు. చెయ్యి పైకెత్తితే అది కిందికి దిగుతుంది. మిట్టమధ్యాహ్నం బుస్సున ఉబ్బిన చేత్తో వరుసలో చేరిన డ్రైవరమ్మ, గంటల తర్వాత కిటికీ చేరేసరికి చెయ్యి సన్నగా, ఏమీ ఎరగనట్టు ఉంది.

“తేడా చాలదమ్మా. అభినందనలు,” అన్నాడు కొలతలాయన.

“అయ్యో, వచ్చేటప్పుడు ఇంత ఉందండీ! ఇక్కడ ఎత్తి నిలబెడితే దిగిపోయింది.”

“దిగిందిగా? సంతోషించాలి గానీ అలా దిగులుపడతారేంటి?”

“వరుసలో చేరగానే కొలవచ్చు కదా?”

“ముందే కొలిచేస్తే ఇంక వరుసెందుకమ్మా?” అన్నాడాయన. ఆ ప్రశ్నకి లోకంలో ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు.

రెండోసారి ఆడపడుచు వెంటవచ్చింది. పక్క వీధిలో బట్టలు కుడుతుంది, నోరు మంచిదే గానీ పెద్దది. గుమ్మం దగ్గరే తన టేపు తీసి వదిన చెయ్యి కొలిచి, కిటికీలోకి తల దూర్చింది.

“చూడండి బాబూ, నేను కొలిచాను. బోలెడంత తేడా ఉంది.”

“ఆ టేపు బట్టలదమ్మా. ఇది ఒంటిది.”

“రెండూ ఒక కంపెనీవే కదయ్యా!”

“కంపెనీ ఒకటే. హోదా వేరు.”

“నీ హోదా తగలెయ్య!” అంది ఆడపడుచు. దాంతో ఆ రోజుకి ఇద్దరి టోకెన్లూ రద్దయ్యాయి. (ఆమెకి టోకెనే లేదు. ముందు ఒకటి ఇచ్చి, తర్వాత రద్దు చేశారు.)

వాపు తాను కళ్లారా చూశానని డాక్టరు చీటీ రాసి పంపాడు. డాక్టర్లు కళ్లతో చూస్తారు గానీ కళ్లకి క్రమాంకనం, అంటే కొలత సరిచూసిన ముద్ర, ఉండదని కిటికీ నుంచి జవాబొచ్చింది. కుడిచేత్తో టోకెన్ ఎత్తి చూసింది డ్రైవరమ్మ. తప్పుడు అవయవమని కెమెరా కూతపెట్టింది. చెయ్యి దించి నిలబడి చూసింది. ఆమె ఇంటికి వెళ్లిపోయిందని కిటికీ పక్కనున్న తెర మీద పడింది. ఆమె అక్కడే నిలబడి ఆ మాట చదువుకుంది.

ఇంతలో ఉపసంఘం తన లెక్కలు తనే చూసుకుని ఉలిక్కిపడింది. ఈ విభాగానికి వచ్చినవాళ్లలో దాదాపు అందరి వాపూ వరుసలోనే తగ్గిపోతోంది! మందు లేదు, మంచం లేదు, డాక్టరసలే లేడు. దీనికి ‘వరుసే వైద్యం’ అని పేరుపెట్టి, పెద్ద డైరెక్టరుగారి చేత శాలువా కప్పించుకున్నారు. ఆసుపత్రి గుమ్మంలో, గోడమీది కెమెరా తీసిన నిలువెత్తు ఫోటో వెలిసింది. అందులో చెయ్యెత్తి, పళ్లు బిగించి ఉన్నది డ్రైవరమ్మే. నొప్పికి బిగించిన పళ్లు దూరం నుంచి నవ్వులాగే కనిపిస్తాయి.

“నువ్వు భలే పడ్డావు వదినా ఫోటోలో,” అంది ఆడపడుచు. నవ్విద్దామనే అంది. ఇద్దరికీ నవ్వు రాలేదు.

డిపో నుంచి కబురొచ్చింది. బస్సు ఎన్నాళ్లని ఖాళీగా ఉంచడం, ఈ నెలాఖరు దాకా చూస్తాను, ఆ తర్వాత వేరేవాళ్లకిచ్చేస్తానన్నాడు మేనేజరు. డ్రైవరమ్మ ఆ రోజు గొడుగుల గదిలో తలుపేసుకుని ఏడ్చింది.

తర్వాత ఎప్పుడో ఆ చేతికి గొడుగు ఊచ గీసుకుంది. ఇంతే గీత. మర్నాటికి చెయ్యి ఎర్రగా కందిపోయి, ఒళ్లు కాలిపోయే జ్వరం. మందులతో జ్వరం తగ్గింది, ఎరుపు తగ్గింది, వాపు మాత్రం కదల్లేదు. పొద్దున్నా అలాగే ఉంటోంది, రాత్రీ అలాగే ఉంటోంది. అంతకుముందు వేలితో నొక్కితే గుంట పడేది. ఇప్పుడు నొక్కితే వేలే నొప్పెడుతోంది.

డాక్టరు ఆ చేతిని పట్టుకుని అక్కడక్కడా వేలితో నొక్కి చూశాడు.

“గేరు మార్చగలనా డాక్టరుగారూ?”

“తొడుగు వేస్తే ఇంకా పెరగకుండా చూడొచ్చమ్మా.”

“అది కాదు నేనడిగింది.”

నిలబడ్డం కష్టమైన రోగుల కోసం పెట్టిన కుర్చీలో ఆయనే కూర్చుండిపోయాడు.

అయినా డ్రైవరమ్మ కిందికి వెళ్లింది. టోకెన్ తీసుకుని చెయ్యెత్తి నిలబడింది. ఎంతసేపు నిలబడ్డా ఈసారి చెయ్యి తగ్గలేదు. కిటికీ దగ్గర కొలతలాయన టేపు చుట్టాడు, నమ్మకం కలగక మళ్లీ చుట్టాడు, ఆ తర్వాత ఆయన ముఖం చేటంత అయింది.

“వచ్చిందమ్మా తేడా! బ్రహ్మాండంగా వచ్చింది!”

“గట్టిపడకుండా ఉండటానికే కదండీ ఈ తొడుగు?” అంది డ్రైవరమ్మ. “చెయ్యి గట్టిపడిపోయింది. నా బస్సు కూడా ఎవరికో ఇచ్చేశారు.”

ఆయన ముద్ర కోసం సొరుగంతా వెతికాడు. అది ఎప్పుడూ వాడిందే కాదు కాబట్టి ఇంకా కాగితం చుట్టలోనే ఉంది. దాన్ని విప్పి, సిరా అద్ది, ‘అర్హురాలు’ అని నిండుగా వేసి, చీటీని ప్రేమగా ఆమె ముందుకి తోశాడు.

“చూశారా అమ్మా, అనవసరంగా కంగారుపడ్డారు,” అన్నాడు. “కాస్త ఓపిక పడితే అర్హత ఎవరికైనా వస్తుంది.”