బాటు కాకకు వారసురాలు

పని చేసే ఆఫీసును ఎవరైనా నడుపుతారు. పని చేయని ఆఫీసును నడపడానికే టెక్నాలజీ కావాలి!

నవ్వకండి. గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి ఆఫీసులో సగం జీవితం గుమాస్తాగిరీ వెలగబెట్టిన వేంకటరమణను చెబుతున్నాను. ఏ బాయి అని మాత్రం అడక్కండి. పద్నాలుగున్నర ఇంక్లైన్ అనుకోండి. అసలు పేరు చెబితే నాకు చార్జిషీటు వస్తుంది. మా ఆఫీసులో వేళకు వచ్చేది అదొక్కటే.

వెనకటి రోజుల్లో ఒక అర్జీని ఆపడమంటే ఎంత శ్రమ! ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం చూసి "రేపు రా" అనాలి. తీరా రేపు అతను నిజంగానే వచ్చేవాడు! అప్పుడు బీరువా చాటుకు పోవాలి, లేదా చాయ్‌కి పోవాలి. ఒక్కో ఫైలు ఆపడానికి లెక్కలేనన్ని చాయ్‌లు తాగి కడుపులో మంట తెచ్చుకున్న మా సీనియర్ల త్యాగం ఈ తరానికేం తెలుసు? పైగా దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని జనం సామెత విసిరేవారు. మంథనిలో గుడి పూజారుల ఇంట పుట్టినవాణ్ని, ఆ మాట నాకెలా ఉంటుంది చెప్పండి!

ఆ నింద నుంచి నన్ను బయటపడేసినవాడు బాటు కాక.

బాటు అంటే మనం ముందే రాసిపెట్టిన రూల్సు ప్రకారం అర్జీలు చూసే సాఫ్ట్‌వేరు. రూలు ఉంటే అవుననడం, లేకపోతే కాదనడం, అంతకు మించి మాట్లాడదు. ఏళ్ల తరబడి సర్వీసు ఉంది కదా అని మా కార్మికులు దాన్ని కాకను, అంటే బాబాయిని, చేసుకున్నారు. కాకకు ఒక గది, గదికి ఒక ఏసీ. రామగుండం ఎండలు మీకు తెలియనివి కావు. మేనేజరు గారితో సహా స్టాఫంతా ఎండాకాలం నాలుగు నెలలూ కాకకు తోడుగా ఆ గదిలోనే కూర్చునేవాళ్లం. పని మీద అంత శ్రద్ధ మా ఆఫీసులో అంతకు ముందు నేనెరగను!

కాక ధర్మబుద్ధికి రాయమల్లు కేసు ఒక్కటి చాలు. రాయమల్లు మా బాయిలో వయసంతా బొగ్గు తవ్విన కార్మికుడు. ఇప్పుడు దమ్ము రోగం. నాలుగు మెట్లెక్కితే రెండు చోట్ల కూర్చుంటాడు. మా బొగ్గు ఊళ్ల పద్ధతి ఏమిటంటే, ఇలాంటి మనిషిని మెడికల్ బోర్డు చూసి అన్‌ఫిట్ అని తేలిస్తే, ఆ ఉద్యోగం కొడుక్కో బిడ్డకో వస్తుంది. రాయమల్లుకు ఒక్కతే బిడ్డ, సంధ్యారాణి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివి, చౌరస్తాలో జిరాక్స్ మిషన్ ముందు నిలబడి ఊళ్లోవాళ్ల అర్జీలన్నీ కాపీలు తీస్తోంది. అయితే వారసుల వయసుకు ఒక హద్దుంది. ఆమె ఆ హద్దు దగ్గరికి వచ్చేసింది. ఆలోపు తండ్రిని బోర్డు పిలవాలి. పిలవండని అర్జీ పెట్టారు.

కాక చూశాడు. అర్జీదారు రోజూ డ్యూటీకి వస్తున్నాడు, కాబట్టి ఫిట్. తిరస్కరణ!

సరేనని రాయమల్లు ఇంట్లో పడుకున్నాడు. మళ్లీ అర్జీ పెట్టారు. అర్జీదారు డ్యూటీకి నాగాలు పెడుతున్నాడు, నాగాలు పెట్టేవాడి అర్జీ చెల్లదు. తిరస్కరణ!

"వస్తె ఫిట్టంటడు, రాకుంటె నాగా అంటడు. నేనెట్ల చెయ్యాలె సారూ?" అని వచ్చాడు రాయమల్లు.

"సగం దూరం వచ్చి చూడు" అన్నాను. ఎగతాళి కాదండీ, రూల్సులో ఇంకేం మిగిలింది?

ఇంతలో హైదరాబాదు నుంచి భూపాల్ అనే సేల్స్ మేనేజరు దిగాడు. వెనక మాకు బాటును అమ్మిన కంపెనీయే ఇప్పుడు ఏఐని అమ్ముతోంది. "కాకకు రూల్సే తెలుసు సార్. మా ఏఐకి మనిషి మనసు తెలుసు" అన్నాడు. ట్రయల్‌కు పెట్టించాం. ఆడగొంతు కావడంతో కార్మికులు దానికి ఏఐ చెల్లె అని పేరు పెట్టారు.

అబ్బ, ఏం మర్యాద! కాక ఒక్క ముక్కలో కాదన్నదాన్ని చెల్లె నాలుగు పేజీల్లో కాదంటుంది. గ్లౌజులు అడిగినవాడికి చేతుల గొప్పతనం మీద వ్యాసం రాసింది. క్వార్టరు కప్పు కారుతోందన్నవాడికి వానాకాలం శుభాకాంక్షలు చెప్పింది. సెలవు కావాలన్న ఒక ఓవర్‌మన్‌కు, అంటే బాయిలో పని చూసే సూపర్‌వైజరుకు, వేములవాడ, కాళేశ్వరం, ధర్మపురి కలిపి యాత్ర ప్లాను గీసి, ఎక్కడ భోజనం బాగుంటుందో కూడా చెప్పింది. సెలవు ఒక్కటే ఇవ్వలేదు. అయినా ఆ మనిషి వెళ్లొచ్చినంత తృప్తిగా డ్యూటీకి పోయాడు!

రాయమల్లూ చెల్లెకు ఫోన్ చేశాడు. "నేను బాయిల పనిచేస్త చెల్లె..." అని, దమ్ము తీసుకోవడానికి ఆగాడు. మాట అయిపోయిందనుకుంది చెల్లె. "చాలా సంతోషం! ఇలాగే ఉత్సాహంగా పని చేస్తూ ఉండండి" అని పెట్టేసింది. మళ్లీ చేశాడు. ఈసారి "నాకు..." దగ్గరే ఆగాడు. "మీకు మా సేవ నచ్చినందుకు ధన్యవాదాలు" అంది.

"మనిషి ఊపిరి తీసుకునేదాంక గూడ ఆగదా సార్?" అని అడిగింది సంధ్యారాణి.

"చాలా స్పీడమ్మా" అన్నాను గర్వంగా.

ఇక అసలు చిక్కు. కాకను ఉంచాలా, చెల్లెను తేవాలా? మీటింగుల మీద మీటింగులు. రెండు పార్టీలయ్యాం. ఒక్క ముక్కలో కాదనిపించడం మేలని కొందరు, నాలుగు పేజీల్లో కాదనిపించడం మేలని కొందరు. చివరికి చెల్లె గెలిచింది గానీ కొత్త పోస్టుకు మంజూరు లేదు. కొత్త మనిషి రావాలంటే పాత మనిషి పోవాల్సిందే! అప్పుడు మా మేనేజరు గారికి తట్టింది.

"కాకను అన్‌ఫిట్ చేద్దాం. చెల్లెకు వారసత్వ ఉద్యోగం ఇద్దాం!"

"కాకకు చెల్లె ఏమవుతుంది సార్?" అని నేను రూలు అడిగాను.

"కాక చూసిన ఫైళ్లన్నీ తినే పెరిగింది సార్" అన్నాడు భూపాల్. తండ్రి సంపాదన తిని పెరిగినవాళ్లే కదా వారసులు! అందరం చప్పట్లు కొట్టాం.

ఆ వారంలోనే మెడికల్ బోర్డు కాకను పిలిచింది. కారులో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి తీసుకెళ్లాం. బీపీ అందలేదు. నాడి దొరకలేదు. ఎక్స్‌రే తీస్తే అసలు ఊపిరితిత్తులే కనబడలేదు! పూర్తిగా అన్‌ఫిట్. చాయ్ చల్లారకముందే చెల్లె పేరున ఆర్డరు వచ్చింది. యూనియన్ నాయకుడు సదానందం మానిటరుకు పూలదండ వేసి, హెల్మెట్ పెట్టి, మెంబర్‌షిప్ రాశాడు.

మరి అనుభవమున్న కాకను వదులుకుంటామా? రిటైరైన పెద్ద ఆఫీసర్లను పెట్టుకున్నట్టే ఆయన్నీ సలహాదారుగా పెట్టుకున్నాం. అదే గది, అదే ఏసీ. కాబట్టి పాఠక మహాశయులారా, బాటా, ఏఐయా అని జుట్టు పీక్కుంటున్న ఆఫీసులన్నిటికీ నా సలహా ఇదే: రెండూ పెట్టుకోండి! తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇన్నాళ్లూ ఆ పిడికెడు మనకొచ్చేది. ఇప్పుడు వాళ్లిద్దరే పంచుకుంటారు.

చెల్లెకు ఆర్డరు వచ్చిన మర్నాడు రాయమల్లు మెట్ల మీద కనబడ్డాడు. "ఊపిరితిత్తులు లేవని కాకను అన్‌ఫిట్ జేసిన్రంట గద సారూ" అని ఆగాడు. నేనూ ఆగాను, పాతకాలపువాణ్ని. "నాయి ఉన్నయి. పనిచేస్తలెవ్వు. ఉండుడే తప్పయిందా?"

ఇంటికి వెళ్లి ఈ తమాషా చెబితే మా ఆవిడ సుభద్రమ్మ నవ్వలేదు. "ఆ పిల్ల వయసు దాటకముందే మీరే ఒక కాగితం రాసి బోర్డుకు పంపరాదా? మీ దగ్గర పెన్ను లేదా?" అంది. ప్రాసెస్ అంటే తెలియని మనిషి! సిస్టమ్ ఉండగా పెన్నుతో రాస్తే సిస్టమ్ ఏమనుకుంటుంది?

పోయిన వారం సంధ్యారాణి పుట్టినరోజు వచ్చింది. నెలల తరబడి ఒకరి ఫైలు ఒకరికి అందించని కాకా చెల్లే, ఆ పొద్దున ఒక్కసారే పని చేశారు. ముందు చెల్లె మెసేజ్, కేకు బొమ్మతో: "సంధ్యారాణి గారూ, జన్మదిన శుభాకాంక్షలు! ఈ ఏడాది మీ కోరికలన్నీ తీరాలి." దాని వెనకే కాక మెసేజ్: "వారసుల వయోపరిమితి దాటింది. తిరస్కరణ."

మా ఆఫీసు చరిత్రలో ఇంత కచ్చితంగా జరిగిన పని ఇంకోటి లేదు. మేనేజరు గారు అందరికీ స్వీట్లు తెప్పించారు.

స్వీటు నా చేతిలో ఉండగానే సంధ్యారాణి వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. ఫోను నా బల్ల మీద పెట్టింది.

"ఈ రెండిట్ల మీరు పంపింది ఏది సార్?"

కళ్లజోడు తుడుచుకుని చదివాను. రెండిటి కిందా ఒకే ముక్క ఉంది: ఇది కంప్యూటర్ తయారు చేసిన సందేశం, సంతకం అవసరం లేదు.

"నేను కాదమ్మా" అన్నాను. అబద్ధమేమీ కాదు కదా!

"ఎవ్వరు గాదు అయితె" అని ఫోను తీసుకుని వెళ్లిపోయింది.

బయట సెకండ్ షిఫ్టు సైరన్ మోగింది. కిటికీలోంచి చూస్తే రాయమల్లు హెల్మెట్ పెట్టుకుని బాయి వైపు పోతున్నాడు. గేటు దాకా వెళ్లేలోపు రెండుసార్లు కూర్చుని లేచాడు. ఏసీ గదిలో కాక ఆయన పేరు ముందు ఎక్కించాడు: హాజరు, ఫిట్.

నా జేబులో పెన్ను ఉంది. దాని మూత తీసి ఎన్నాళ్లయిందో గుర్తుకు రాలేదు. సిగ్గేసింది. మా ఆఫీసులో ఇంకా మనిషే చేయాల్సి వస్తున్న పని ఇదొక్కటి మిగిలింది. దీన్ని కాకకు అప్పగించాలో, చెల్లెకు అప్పగించాలో భూపాల్‌ను అడగాలి.