లాగ్ ఫైలుకు ఇత్తడి బిళ్ల

మనిషి ఎక్కడ ఉన్నాడో చెప్పే అధికారం మనిషికి లేదు, లాగ్ ఫైలుకే ఉంది. ఈ సత్యం 2009 వానాకాలంలో, గోదావరిఖనిలోని ఒక బొగ్గుగని కాలనీ ఆఫీసులో రుజువైంది.

ఆ ఆఫీసు వెబ్‌సైట్‌కు నాలుగు కౌంటర్ల నుంచి ఏ కబురు వచ్చినా, సర్వర్ దాన్ని లాగ్ అనే ఒకే ఫైలులో ఒక వరుసగా రాసేది. ఒక సోమవారం రెండు కౌంటర్ల కబుర్లు ఒకే క్షణంలో వచ్చాయి. "సదయ్య క్వార్టర్ కప్పు కారుతోంది" అని ఒకటి. "గట్టయ్య రిటైర్ అయ్యారు, క్వార్టర్ ఖాళీ చేశారు" అని ఇంకొకటి. ఒకదాని తోక ఇంకొకదానికి అతుక్కుంది. సదయ్య క్వార్టర్ ఖాళీ చేశాడు. గట్టయ్య కప్పు కారింది. (మేస్త్రీ నిచ్చెన వేసుకుని మందమర్రిలో ఉన్న గట్టయ్య దాకా వెళ్లాడు. గట్టయ్య చాయ్ పోసి పంపాడు.)

సదయ్య గనిలో డ్యూటీ దిగి, ఆ ఆఫీసులో కాంట్రాక్టు ప్రోగ్రామర్ అయిన జమున దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, శనివారం నా ఇంటికి తాళమేస్తరట. లోపట నేను, మీ చిన్నమ్మ, రెండు మేకలున్నం. ఎట్ల ఖాళీ అయినం?"

"ఫికర్ జెయ్యకు కాకా. ఫైలుకు ఒక బిళ్ల పెడ్త. బిళ్ల ఎవరికి దొరికితె వాళ్లే రాయాలె. వరుస మొత్తం రాసి వాపస్ ఇయ్యాలె. అందాక కడమోళ్లు ఆగాలె."

"గింతేనా! మా బాయి ల్యాంపు రూముల గదే గద. బిళ్ల ఇస్తెనే దీపం."

జమున నాలుగు వరుసల ప్రోగ్రాం రాసి సూపరింటెండెంట్ కామరాజుకు చూపించింది.

"బిళ్ల ఏదమ్మా?"

"కంప్యూటర్ లోపల ఉంటది సార్."

"కనపడని బిళ్లకి సంతకం ఎవరు పెడతారమ్మా? పోతే ఎవరి మీద వేస్తాం?"

మరునాడే సర్క్యులర్ వచ్చింది. ఇత్తడి బిళ్ల ఒకటి సూపరింటెండెంటు గారి సొరుగులో ఉండును. రాయదలచిన గుమాస్తా సంతకము చేసి, బిళ్ల మెడలో వేసుకొని మాత్రమే కీబోర్డు ముట్టవలెను. (మెడలో బిళ్లతో చాయ్ తాగినచో ఆ చాయ్ కూడా లాగ్‌లో నమోదు కావలెను.)

"పట్టుకున్నోళ్లు బిళ్ల వాపస్ ఇయ్యకుంటె ఎట్ల సార్?" అని జమున అడిగింది.

"మా స్టాఫ్ అలాంటివాళ్లు కాదమ్మా."

గురువారం కామరాజు సొరుగుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, భార్య చంద్రమతితో నెల రోజుల తీర్థయాత్రకు బయలుదేరారు.

శనివారం తాళం వేసేవాళ్లు సదయ్య గుమ్మం దాకా వచ్చి ఆగారు. వేసిన తాళాన్ని లాగ్‌లో రాయాలి. రాయని తాళం వేసినట్టు కాదు. రాయడానికి బిళ్ల లేదు. ("సదయ్య ఇంట్లోనే ఉన్నాడు" అని రాయడానికీ లేదు.) వాళ్లు మేకలను చూసి, వాటిని కూడా రాయలేమని చెప్పి వెళ్లిపోయారు.

"సారును యాత్ర మంచిగ జెయ్యనియ్యి బిడ్డా," అన్నాడు సదయ్య, చూడటానికి వచ్చిన జమునతో, కారే చోట గిన్నె జరుపుతూ. "నాకు ఇంక పదకొండు నెలల సర్వీసే ఉన్నది, తర్వాత నేనే ఖాళీ జేస్త."

నెలాఖరున తనిఖీకి వచ్చిన అధికారులు లాగ్‌ను ఆసాంతం చదివి మెచ్చుకున్నారు. బిళ్ల వచ్చాక ఒక్క వరుసలోనూ ఇంకో వరుస కలవలేదు. అసలు వరుసే లేదన్న సంగతి వారి దృష్టికి రాలేదు. జమున సదయ్య ఇంటి కప్పు మాట ఎత్తింది. వారు ఫైలు చూసి, ఖాళీ ఇల్లు కారినా ఎవరూ తడవరని చెప్పారు.