పైకి పోయి రావడం

నందిగామలో ఆ ఉదయం జీవరత్నం మాస్టారికి ఒకటే ధ్యాస. పదో తరగతి పిల్లలకు ఉపకక్ష్య ప్రయాణం అంటే ఏమిటో తేలిక మాటల్లో చెప్పాలి. గడ్డం గీసుకుంటూ అద్దానికే పాఠం చెబుతున్నారు. వంటింట్లో తల్లి ఆదెమ్మ అల్లం పచ్చడి పడుతోంది. మిక్సీ మోతలో ఆమె చెవిన పడ్డవి మూడు ముక్కలే: "పైకి పోతాం... కక్ష్య లేదు... పది నిమిషాలే."

కొడుకు పైకి పోతానంటున్నాడు! ఎవరి మీదా కక్ష లేదంటున్నాడు! గుండె జారిపోయిన ఆదెమ్మ మిక్సీ ఆపి పరుగున వచ్చేసరికి మాస్టారు బండెక్కి బడికి వెళ్ళిపోయారు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

కక్ష అంటే ఆ ఇంట్లో ఒక్కటే. రెండేళ్ళ కిందట క్రిస్మస్ ఆరాధనలో తమ్ముడు వెస్లీ పాట శ్రుతి తప్పిందని మాస్టారు అందరి ముందూ అనేశారు. అప్పటినుంచీ అన్నదమ్ములకు మాటల్లేవు. వెస్లీది జగ్గయ్యపేటలో బట్టల కొట్టు. ఆదెమ్మ అతనికి ఫోన్ చేసింది.

"ఒరే చిన్నోడా, మీ అన్న పైకి పోతాడంటరా! నీ మీద కక్ష లేదంట! పది నిమిషాలేనంట!"

"పది నిమిషాలేంటమ్మా! పేట నుంచి రావటానికే ముప్పావుగంట పడుద్ది. ఆగమను!"

వెస్లీ కొట్టు మూసి, పాస్టరు జ్ఞానయ్యగారిని ఆటో ఎక్కించాడు. కబురందుకున్న మేనత్త సుబ్బమ్మ నలుగురు కోడళ్ళతో చిల్లకల్లులో ఇంకో ఆటో కట్టించుకుంది. ఎందుకైనా మంచిదని ఓ పూలదండ కూడా కొంది. వాళ్ళొచ్చి లేపేదాకా ప్రార్థనలో ఉన్న ఆదెమ్మ మోకాళ్ళ మీంచి లేవలేదు.

అందరూ ఏడుస్తూ తరగతి గదిలోకి వచ్చిపడ్డారు. మాస్టారు సుద్దముక్క పైకెగరేసి పట్టుకుంటున్నారు. వెస్లీ ఆయన కాళ్ళు చుట్టేశాడు.

"అన్నా, పోమాక! శ్రుతి నేనే తప్పా, ఒప్పుకుంటన్నా!"

సుద్దముక్క కిందపడింది. మాస్టారు తమ్ముణ్ణి పైకి లేపారు.

"లేదురా. ఆరోజు నువ్వు బానే పాడావు. హార్మోనియం మీద తప్పింది నేనే. చెప్పటానికి మొహం చెల్లలా."

ఇద్దరూ కావలించుకుని ఏడ్చారు. కాసేపటికి మాస్టారు దండ చూసి తేరుకున్నారు.

"ఇంతకీ ఎవరు పోయారండి?"

సంగతి తెలిశాక నెత్తి కొట్టుకున్నారు. "అమ్మా, అది రాకెట్టు సంగతి! కక్ష్యంటే భూమి చుట్టూ తిరిగే దారి. ఇదేమో చుట్టూ తిరక్కుండా అంతరిక్షం దాకా పోయి, పది నిమిషాల్లో దిగొచ్చేస్తది."

ఆదెమ్మ కళ్ళు తుడుచుకుంది. "దిగొచ్చేస్తదా? ఆ ముక్క ముందు చెప్పాలిరా!"

తర్వాతి పరీక్షలో ఉపకక్ష్య ప్రయాణానికి అర్థం రాయమంటే, మహిమ అనే పిల్ల "చుట్టాలు దండ కొనేలోపు పైకి పోయి వచ్చేయడం" అని రాసింది. మాస్టారు చాలాసేపు ఆలోచించి, అర మార్కు వేశారు.