చంద్రకాంతమ్మ కలహపునరుద్ధరణము

శ్రీరస్తు! శేషాచలసానువుల మంచుతెరలు చీల్చుకొని భాస్కరుడు రాజమహలు గోడలకు బంగారుపూత పూయుచుండగా, టిఫినంగళ్ళ దోసెపెనాలు చుయ్యిమని యుద్ధారంభమును చాటుచుండగా, చంద్రగిరిలో ఒకానొక మిద్దెమీది పైలాటిస్ వ్యాయామశాలలో, నీలిరంగు రబ్బరుచాపపై, కట్టెలపొయ్యి ధూమమును ఏండ్లతరబడి మ్రింగి ఊపిరితిత్తులు చెడగొట్టుకొన్న వీరనారీశిరోమణి చంద్రకాంతమ్మ వెల్లకిల పవ్వళించియుండెను.

ఆమె కోరినది స్వర్గమా? కాదయ్యా! తోడికోడలు పంకజాక్షితో ఒక్క నిండైన జగడము. సంగటికి ఉప్పు ఎసట్లో వేయవలెనా, కెలికేటప్పుడు వేయవలెనా అని ఆ యిద్దరును కాపురానికి వచ్చిననాటినుండి పోరాడుచుండిరి. జబ్బు ముదిరి చంద్రకాంతమ్మకు సగముమాటలోనే ఆయాసము వచ్చుట మొదలుకాగానే, ఆ పంకజాక్షి "సరేలే అక్కా, నీ మాటే కానీ" అని ఒప్పుకొనసాగెను. ఛీ, ఇంతకన్న అవమానమేమున్నది! జాలిపడు శత్రువుకన్న ఓడించు శత్రువే మేలని చంద్రకాంతమ్మ కుమిలిపోయెను.

వ్యాయామశాస్త్రపారంగత, ఫిజియోథెరపిస్టు అఖ్సా ఆజ్ఞాపించెను: "తలెత్తి, వీపు మెల్లగా లేపి కూచో అవ్వా."

చంద్రకాంతమ్మ పండ్లు బిగించి, పిడికిళ్ళు బిగించి, ఆ ఊపులో ఊపిరియు బిగించి, గండభేరుండసదృశముగా లేవబోయి, సగములో దబ్బున కూలెను. ప్రతిదినము ఇదే పరాభవము.

"ఊపిరి బిగబడితే యాడ లేస్తావు? ఊదుగొట్టంతో పొయ్యి ఊదినట్టు, నిదానంగా ఊదుతా లెయ్."

"ఆ ఊదుడే గదమ్మా నన్నీడికి తెచ్చింది."

"తెచ్చింది పొగ అవ్వా. ఊదుడు కాదు."

అంతట ఆ ధీర, లేని ఊదుగొట్టమును పెదవుల నడుమ భావించి, దీర్ఘఫూత్కారముతో వెన్నుపూసలను ఒక్కొక్కటిగా చాపనుండి పెళ్ళగించి, ఆహా, లేచి కూర్చుండెను! సంతోషమున ఆమెకు కన్నీరాగలేదు. ఆనాటినుండి సాధన మానలేదు. ఎండలు పోయి వానలు వచ్చెను.

ఒకనాటి మధ్యాహ్నము వంటింట పంకజాక్షి సంగటి కెలుకుచు ఉప్పుడబ్బా అందుకొనెను. చంద్రకాంతమ్మ గడపలో నిలిచి శ్వాస నింపుకొనెను.

"మే పంకజాక్షీ, సంగటికి ఉప్పు ఎసట్లోనే ఎయ్యాలని అత్త బతికుండంగా చెప్పింది, నేనూ చెప్తానే ఉండాను, నీ చెవులు యాడ పెట్టుకోనుండావు మే?"

ఆయాసముతో మాట ఎక్కడా ఆగలేదు! పంకజాక్షి తెడ్డు ఆగెను. అక్క ముఖమును తేరిపార చూచి, కొంగుతో కన్నులద్దుకొని, నడుముపై చేయి వైచెను.

"అట్ల మీ పుట్టింట్లో ఏసుకోపో. నేను కెలికేటప్పుడే ఏస్తా. ఏం జేస్తావో జేసుకో."

ఆ పూట సంగటిలో ఇద్దరును ఉప్పు వేసిరి. ఇంటివారు ముద్దముద్దకు నీళ్ళు త్రాగుచు తినిరి. అష్టదిక్కులారా, వినుడు: చంద్రకాంతమ్మ మరల తిట్లు తినెను!