మా ఆయన కుకీలు, నా ఆదివారం సెలవు

పెళ్ళైన ప్రతి ఆడదానికీ, కుకీలు చేయడం కొత్తగా నేర్చుకుంటున్న మొగుడు ఒకడు ఉండి తీరాలి! ఇది కోరిక కాదు, డిమాండ్.

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. అలాంటి మొగుడుంటే మీరు జిమ్‌కు వెళ్ళక్కర్లేదు. జ్ఞాపకశక్తికి మాత్రలు మింగక్కర్లేదు. ఇంట్లో బూజు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. అన్నీ ఆయనే చూసుకుంటారు. మీరు చేయాల్సిందల్లా ఒక్కటే. "ఒక్క ఆదివారం నాకు వంటింటి నుంచి సెలవు కావాలండీ" అని నోరు జారడం.

నేను జారాను.

మా ఆయన ఇన్సూరెన్స్ కంపెనీలో సర్వేయరు. గుద్దుకున్న కార్ల చుట్టూ తిరిగి, సొట్టలు బొటనవేలితో నొక్కి చూసి, ఏ దెబ్బ నిజమో ఏది నాటకమో తేల్చే ఉద్యోగం. ఎవరేం చెప్పినా నమ్మకపోవడానికే ఆయనకు జీతమిస్తారు. అలాంటి మనిషి, నేను సెలవడగ్గానే కరిగిపోయారు.

"ఈ ఆదివారం వంటిల్లు నాది. నువ్వు అటువైపు కన్నెత్తి చూశావో, ఊరుకోను! సాయంత్రం టీలోకి అమ్మకీ నీకూ దాల్చినచెక్క కుకీలు. బిగినర్స్ కోసమేనట. చాలా ఈజీ అట!" అంటూ ఫోన్లో వీడియో చూపించారు.

వీడియోలో ఒకావిడ నలగని తెల్లచొక్కా వేసుకుని, నవ్వుతూ పిండి కలుపుతోంది. చొక్కా మీద మరక లేదు. గట్టు మీద మరక లేదు. "గిన్నె ఎక్కడుంది?" అని ఒక్కసారి కూడా ఎవర్నీ అడగలేదు. నాకప్పుడే అనుమానం రావలసింది.

కానీ నా ధ్యాస వేరేచోట ఉంది. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న డిటెక్టివ్ నవల నా దిండు కింద ఉంది. ఆఖరి అధ్యాయమే మిగిలింది. డిటెక్టివ్ అందరినీ హాల్లో కూర్చోబెట్టి, తలుపు గడియ వేశాడు. సరిగ్గా అక్కడ పాలు పొంగాయని నేను లేచాను. మళ్ళీ ఆ పేజీకి వెళ్ళే యోగం పట్టలేదు. పాపం, ఆ అనుమానితులంతా రోజుల తరబడి ఆ హాల్లోనే కూర్చుని ఉన్నారు!

ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం వంట నేనే చేశాను లెండి. కుకీలతో కడుపు నిండదు కదా! భోజనాలయ్యాక ఆయన నడుముకి నా ఏప్రన్ కట్టుకుని వంటింట్లోకి వెళ్ళారు. నేను బాల్కనీలో కుర్చీ వేసుకుని పుస్తకం తెరిచాను.

"హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు" అన్నాడు డిటెక్టివ్.

"ఏమోయ్! జల్లెడ ఎక్కడుంది?" అన్నారు మా ఆయన.

"స్టవ్ పక్కన మేకుకి."

"లేదే!"

"ఉంటుంది, చూడండి."

"చూస్తూనే ఉన్నాను. లేదు. నువ్వు రావద్దు, అక్కణ్ణించే చెప్పు."

వెళ్ళాను. జల్లెడ మేకుకే ఉంది. ఆయన ముక్కు దాన్ని దాదాపు తాకుతోంది.

ఇదీ మొదటి లాభం. కుర్చీలోంచి లేవడం, వంటింటి దాకా నడవడం, తిరిగొచ్చి కూర్చోవడం, కూర్చుంటుండగానే మళ్ళీ లేవడం. జిమ్‌లో దీనికేదో పేరు పెట్టి, పక్కన ఒక కోచ్ నిలబడి కేకలేస్తూ చేయిస్తాడట. మా ఇంట్లో కేకలు కూడా ఉచితమే!

రెండో లాభం జ్ఞాపకశక్తి. బేకింగ్ పౌడర్ ఏ డబ్బా వెనకుంది? కొలత కప్పు ఎవరింటికి వెళ్ళింది? కూర్చున్న చోటి నుంచే, కళ్ళు మూసుకుని, నా వంటిల్లంతా మనసులో తిరిగాను. పరీక్షలప్పుడు కూడా నా బుర్ర అంత చురుగ్గా పనిచేయలేదు.

"దాల్చినచెక్క ఎలా ఉంటుందోయ్?"

"ఎండిన చెట్టు బెరడులా ఉంటుందండీ."

"అయితే పెరట్లో చూడనా?"

పెళ్ళైన దగ్గర్నుంచీ ఈ మనిషి దాన్ని తింటూనే ఉన్నారు. ఇప్పటిదాకా ఇద్దరికీ పరిచయం కాలేదన్నమాట! లేచి వెళ్ళి పరిచయం చేశాను.

తిరిగొచ్చి వేలు పెట్టుకున్న వాక్యం వెతుక్కున్నాను. హంతకుడు ఇంకా ఆ గదిలోనే ఉన్నాడు.

"వెన్న గది ఉష్ణోగ్రతలో ఉండాలట. ఏ గది?"

"ఏ గది ఏమిటండీ?"

"హాల్లో ఫ్యాన్. మన గదిలో ఏసీ. అమ్మ గదిలో పడమటెండ. మూడూ ఒకటేనా? ఏ గదో స్పష్టంగా చెప్పొద్దూ! ఇలాంటి రిపోర్టు మా ఆఫీసుకొస్తే మొహాన కొట్టి పంపిస్తాం."

చాలాసేపు చర్చ జరిగాక వెన్నముద్ద అత్తయ్య గదిలో, ఆవిడ కళ్ళజోడు పెట్టె పక్కన విశ్రాంతి తీసుకుంది. ఆ రోజు మా ఇంట్లో విశ్రాంతి దొరికింది దానికొక్కదానికే.

ఇక మూడో లాభం. మైదా జల్లిస్తుండగా ఆయనకు ఉక్క పోసింది. ఫ్యాన్ వేశారు. మైదా అంతా గాల్లోకి లేచింది. ఇంకేం చెప్పను? ఇన్నేళ్ళుగా నా కంటికి దొరక్కుండా దాక్కున్న బూజంతా తెల్లగా, ముద్దుగా, మూలమూలనా బయటపడింది. ఏ డిటెక్టివూ ఇంత గొప్పగా ఆధారాలు పట్టుకోలేడు!

ఆఖరికి పిండి ముద్దయింది. ఉండలు చేసి, చక్కెరలో దాల్చినచెక్క పొడి కలిపి, అందులో దొర్లించి, ట్రేలో పేర్చి ఓవెన్‌లోకి తోశారు. కాసేపటికి ఇల్లంతా కమ్మటి వాసన. అబద్ధం చెప్పకూడదు, నాకూ నోరూరింది.

అక్కడే కథ మలుపు తిరిగింది.

"మధ్యలో మెత్తగా ఉండగానే బయటికి తీసేయండి. చల్లారాక అవే గట్టిపడతాయి" అంది వీడియో ఆవిడ.

మా ఆయన ట్రే తీశారు. కుకీని బొటనవేలితో నొక్కారు, కారు డోరు మీద సొట్టను నొక్కినట్టు. అది లోపలికి దిగింది.

"మెత్తగా ఉంటే కాలినట్టెలా అవుతుంది? చల్లారితే గట్టిపడుతుందనడానికి రుజువేది?"

"ఆవిడ చెబుతోంది కదండీ!"

"ఎవరో చెబితే నమ్మేయడమేనా?"

ట్రే మళ్ళీ లోపలికి. మళ్ళీ బయటికి. నొక్కారు. మళ్ళీ లోపలికి. అవి గట్టిపడేదాకా వదల్లేదు. గట్టిపడ్డాయి. ఆ తర్వాత చల్లారాయి.

ఆ కుకీల వల్ల కలిగిన మేలు ఒకటా, రెండా! ఊగుతున్న డైనింగ్ టేబుల్ కాలి కింద ఒకటి పెట్టాం. ఊగడం మానింది. గాలికి కొట్టుకునే బాత్రూమ్ తలుపుకి ఇంకొకటి అడ్డం పెట్టాం. కొట్టుకోవడం మానింది. పక్కింటావిడ మేకు దిగ్గొట్టాలి, సుత్తి ఉందా అనడిగితే... ఆవిడ ఇప్పటికీ తిరిగివ్వలేదు.

పైఅంతస్తు డెంటిస్టుగారికి ఒకటి పంపాం. ఆయన స్వయంగా దిగొచ్చారు. కుకీని టేబుల్‌కేసి తట్టి, ఆ చప్పుడు విని, ఆనందంతో కళ్ళు ఒత్తుకున్నారు. "ప్రతి వారం చేయండి సార్! వీధంతా పంచండి. నా క్లినిక్ మలుపులోనే అని కూడా ఓ మాట చెప్పండి" అన్నారు.

మా అత్తయ్య మాత్రం ఒక కుకీని బుగ్గన పెట్టుకుని, టీవీలో వార్తలు అయ్యేదాకా చప్పరించి, "మా వాడి చేతికి చిన్నప్పట్నుంచీ ఆ గుణం ఉంది" అని సర్టిఫికెట్ ఇచ్చారు.

ట్రే ఫొటో ఫ్యామిలీ గ్రూపులోకి వెళ్ళింది. చప్పట్లు, పువ్వులు, దండాలు. మా ఆడపడుచు వాయిస్ మెసేజ్ కూడా పెట్టింది. "మా అన్నయ్య బంగారం! నువ్వెంత అదృష్టవంతురాలివి వదినా! మా ఆయనైతే మంచినీళ్ళు కూడా తనంతట తను తాగడు!"

అదృష్టవంతురాలిని ఫొటోలో చూడాలని మీకు కుతూహలంగా ఉందేమో. కనిపించదు. సింకు ఫొటోలో పడలేదు.

ఆ రాత్రి నవల తెరిచే ఓపిక లేదు. మర్నాడు లైబ్రరీకి వెళ్ళి గడువు పొడిగించుకుని, హంతకుడికి ఇంకో వారం ఆయుష్షు పోసి వచ్చాను.

మళ్ళీ ఆదివారం.

"పోయినసారి కొంచెం గట్టిపడ్డాయి. ఈసారి చూడు! నువ్వు మాత్రం వంటింట్లోకి రావద్దు" అన్నారాయన.

"రాను" అన్నాను.

ఈసారి మాట మీద నిలబడ్డాను.

బాల్కనీ. కుర్చీ. పుస్తకం. "హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు."

"ఏమోయ్! జల్లెడ ఎక్కడుంది?"

నేను పేజీ వైపే చూస్తూ కూర్చున్నాను.

"ఏమోయ్! నిన్నే!"

అత్తయ్య గది తలుపు తెరుచుకుంది. అడుగులు హాలు దాటాయి. బాల్కనీ గుమ్మంలో ఆగాయి.

"వాడు గొంతు చించుకుంటున్నాడు. వినపడట్లేదా?"

"వినపడుతోంది అత్తయ్యా."

"మరి?"

"విశ్రాంతి తీసుకోవడం నేర్చుకుంటున్నానండీ. ఇందులో నేను బిగినర్ని. మధ్యలో లేస్తే పాడైపోతుంది."

ఆవిడ నన్ను చూశారు. వంటింటి వైపు చూశారు. నా చేతిలో పుస్తకం చూశారు. ఆ చూపుల అర్థమేమిటో గడియ వేసుకుని కూర్చున్న ఆ డిటెక్టివ్ కూడా తేల్చలేడు.

"నాకూ ఓ కుర్చీ వెయ్యి. నేనూ ఎప్పుడూ నేర్చుకోలేదు" అన్నారు ఆఖరికి.

వేశాను. కూర్చున్నారు. కాళ్ళు చాపుకున్నారు. "నా కళ్ళజోడుకి ఈ అక్షరాలు ఆనవు. పైకి చదువు."

"మొదట్నుంచా?"

"మొదలెవడిక్కావాలే? హంతకుడి దగ్గర్నుంచి!"

"అమ్మా! కనీసం నువ్వయినా చెప్పవే, జల్లెడ ఎక్కడా?" వంటింట్లోంచి కేక.

"ఆగావేం? చదువు. వాడికేం కాదు" అన్నారు అత్తయ్య.

చదివాను. వంటింట్లో డబ్బాలు తెరుచుకున్న చప్పుడు. ఏదో కిందపడ్డ చప్పుడు. ఆ తర్వాత, టక్ టక్ టక్! జల్లెడను అరచేత్తో తడుతున్న చప్పుడు.

దొరికింది!

నవల పూర్తయింది. హంతకుడు దొరికాడు. "వీడేనని నాకు ముందే తెలుసు" అన్నారు అత్తయ్య, ముందు కథ ఒక్క ముక్క కూడా చదవకుండానే. సరిగ్గా అప్పుడు మా ఆయన ప్లేటు పట్టుకుని వచ్చారు. అంచులు ఎర్రగా, మధ్యలో లేతగా, మీద చక్కెర పలుకులు మెరుస్తూ కుకీలు.

"ఎంత పిలిచినా ఒక్కరూ పలకరే! అడగడానికి మనిషి లేక, ఇక గతిలేక, ఆవిడ మాటే నమ్మి మెత్తగా ఉండగానే తీసేశాను" అన్నారు నిష్ఠూరంగా.

అత్తయ్య ఒకటి కొరికారు. కొరికితే తెగింది! రెండోది అందుకున్నారు. ఆయన ఒక చేత్తో ఫోన్ సిద్ధంగా పట్టుకుని, తల్లి నోటి వంక చూస్తూ నిలబడ్డారు.

"చాలా బాగున్నాయిరా" అన్నారు అత్తయ్య. "గిన్నెలు తోమావా?"

ఆయన మొహం చూడాలి! యాక్సిడెంట్ సర్వేకి వెళ్ళి తిరిగొచ్చేసరికి తన కారునే ఎవరో గుద్దిపోయినట్టుంది.

ఇంతకీ ఆ హంతకుడెవరంటారా? చెప్పను. ఒక ఆదివారం తీరిక చేసుకుని మీరే చదువుకోండి.

తీరికెక్కడిదీ అంటారా? అందుకే కదా మొదట్నుంచీ మొత్తుకుంటున్నాను, మీ ఆయన చేత కుకీలు మొదలుపెట్టించమని! జల్లెడ ఎక్కడుందో మాత్రం చచ్చినా చెప్పకండి.